ఐ.పి.కీ బి.పి.కీ సంబంధం ఉందా?

పోయిన నెలలో ఒక సోదరి ఉత్తరం రాశారు. "డాక్టరుగారూ! మావారికి నలభై ఆరేళ్లు. బట్టల కొట్టు. రెండేళ్లుగా రాత్రి ఒంటిగంట దాటితేగాని కన్ను మూతపడదు. గుండెదడ, కడుపులో మంట, మెడ నరాలు లాగడం. ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఇ.సి.జి., స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే ఈ మనిషి ఎందుకిలా చిక్కిపోతున్నారు?" అని ఆవిడ ప్రశ్న. ఉత్తరం అక్కడితో అయిపోలేదు. సంతకం కింద, చిన్న అక్షరాలతో మరో రెండు ముక్కలున్నాయి. "అప్పులవాళ్ల బాధ పడలేక ఐ.పి. పెడతానంటున్నారు. పరువు పోతుందని నేను వద్దంటున్నాను."

చూశారా! జబ్బు లక్షణాలన్నీ ఉత్తరం నిండా రాసి, జబ్బుకు అసలు కారణాన్ని మాత్రం సంతకం కిందికి నెట్టేశారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆస్పత్రికి వచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది చేసే పని ఇదే. కడుపునొప్పి చెబుతారు, తలనొప్పి చెబుతారు. వడ్డీ సంగతి చెప్పరు.

"ఆరోగ్య శీర్షికలో అప్పుల గొడవ ఎందుకండీ, అది ప్లీడరుగారి పని గదా" అని మీరు అనవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏమైందో ముందు చెప్పి, తర్వాత విషయంలోకి వస్తాను.

నేను అడగని ప్రశ్న

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఒక జిల్లా ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. బస్టాండు దగ్గర టిఫిను హోటలు నడుపుకునే ఒకాయన తలనొప్పి, నిద్ర లేదు అంటూ వచ్చాడు. రక్తపు పోటు 170/110 ఉంది. ఆస్పత్రిలో ఉన్న మాత్రలు వారానికి సరిపడా ఇచ్చి, మిగతావి బయట కొనుక్కోమని చీటీ రాశాను. నెల తర్వాత వచ్చాడు, తగ్గలేదు. మాత్ర మార్చాను. ఇంకో నెలకు వచ్చాడు, 190/120. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?" అని కసిరాను. "వేసుకుంటున్నానండి" అన్నాడు తల వంచుకుని. ఇంకో మాత్ర కలిపి రాశాను. వెనకాల ఇంకా వందమంది నిలబడి ఉన్నారు.

నాలుగోసారి ఆయన నడిచి రాలేదు, స్ట్రెచర్ మీద తెచ్చారు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. నోట మాట లేదు. అప్పుడు ఆయన భార్య చెప్పింది. డైలీ ఫైనాన్సు వాడికి రోజూ సాయంత్రం కట్టవలసిన డబ్బు కట్టగా, మందుల చీటీ జేబులోనే నలిగిపోయిందట. వేసుకుంటున్నావా అని అడిగానుగాని, కొనగలుగుతున్నావా అని నేను అడగలేదు. రెండు ప్రశ్నలకూ మధ్య ఒక మనిషి కుడిచెయ్యి పోయింది.

అందుకే ఈ శీర్షికలో అప్పుల సంగతి రాస్తున్నాను.

అప్పు ఒంట్లో ఏం చేస్తుంది?

మీరు వీధిలో వెళుతుంటే పిచ్చికుక్క వెంటపడిందనుకోండి. గుండె దడదడ కొట్టుకుంటుంది, రక్తపు పోటు పెరుగుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదలడం వల్ల ఇదంతా జరుగుతుంది. పరుగెత్తడానికి ప్రకృతి ఇచ్చిన సాయం అది. కుక్క పోగానే కొంతసేపటికి అంతా సర్దుకుంటుంది.

అప్పులవాడు మాత్రం అలా పోయేవాడు కాదు. పొద్దున ఫోను మోగితే వాడేనేమో, సాయంత్రం తలుపు కొడితే వాడేనేమో! కుక్క రోజూ వెంటపడుతూనే ఉంటుంది. ఆ రసాయనాలు రోజూ ఊరుతూనే ఉంటాయి. దానివల్ల నిద్ర చెడుతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి లెక్కలు మొదలవుతాయి. రక్తపు పోటు ఉన్నవారికి పెరుగుతుంది, మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు తప్పుతుంది. కడుపులో మంట, గుండెదడ, ఛాతీ బిగపట్టినట్లుండడం ఇవన్నీ వస్తాయి. పరీక్షల్లో ఏమీ కనపడకపోవచ్చు. అంతమాత్రాన రోగి నటిస్తున్నాడని కాదు. బాధ నిజమే, దాని వేరు మాత్రం వేరేచోట ఉంది.

ఇంకొక సంగతి. ఇంట్లో డబ్బు కటకటగా ఉన్నప్పుడు ముందు కోత పడేది దేనికో తెలుసా? పిల్లల ఫీజుకు కాదు, చీటీపాట వాయిదాకు కాదు. ఇంటి పెద్ద వేసుకునే మాత్రకు. "ఇప్పుడు బాగానే ఉంది గదా, వచ్చే నెల నుంచి వేసుకుందాం" అంటారు. ఇల్లాలైతే ఆ మాట కూడా పైకి అనదు. మానేస్తుంది, అంతే. పైగా మగవాళ్లు నిద్రకోసమని సాయంత్రం సీసా పట్టుకోవడం మొదలుపెడితే, జబ్బూ పెరుగుతుంది, అప్పూ పెరుగుతుంది.

జబ్బు వల్ల అప్పు

అప్పువల్ల జబ్బు వచ్చినట్లే, జబ్బువల్ల అప్పూ వస్తుంది. మన దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో, 2013-14లో నూటికి 64 రూపాయలు జనం తమ జేబులోంచే పెట్టుకున్నారని ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. 2021-22 నాటికి అది 39 రూపాయలకు తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, దేశమంతటికీ 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. వీటివల్ల గుండె ఆపరేషన్లకు పొలాలు అమ్ముకునే అవసరం చాలామందికి తప్పింది. ఇది నేను కళ్లారా చూసిన మార్పు.

అయితే, ఇటువంటి కార్డులు ముఖ్యంగా ఆస్పత్రిలో చేరినప్పటి వైద్యానికే అక్కరకొస్తాయి. నెలనెలా వేసుకునే మాత్రలు, పరీక్షలు, ఆస్పత్రికి వచ్చిపోయే చార్జీలు, రోగితోపాటు ఉన్నవాళ్లు పోగొట్టుకున్న కూలి ఇవన్నీ చాలావరకు జేబులోంచే పోతాయి. ఆ డబ్బు ఎక్కడ పుడుతుంది? తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి పుడుతుంది.

మూడు రూపాయల వడ్డీ అంటే మనకు చిన్నగా వినపడుతుంది. నూటికి నెలకు మూడు, అంటే ఏడాదికి 36. మూడు లక్షలు తెస్తే నెలకు తొమ్మిది వేలు వడ్డీ. ఏడాది తిరిగేసరికి లక్షా ఎనిమిది వేలు కట్టినా అసలులో పైసా తరగదు. కట్టలేకపోయి వడ్డీకి వడ్డీ పడిందా, రెండేళ్లకు మూడు లక్షలు ఆరు లక్షలు దాటుతుంది. పుండు చిన్నదే గదా అని వదిలేసిన మధుమేహ రోగి కాలులాగా, చూస్తుండగానే పైకి పాకుతుంది.

జబ్బు ఒక్కటే కారణమని నేననను. పడిపోయిన వ్యాపారం, తాహతుకు మించిన పెళ్లిళ్లు, పందేలు, స్నేహితుడికోసం పెట్టిన జామీను సంతకం ఇవన్నీ ఉన్నాయి. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఎంతదాకా వెళ్లిందంటే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఈ మధ్యకాలంలో సెల్‌ఫోనులో క్షణాల్లో అప్పిచ్చే యాప్‌లు వచ్చాయి. అప్పిచ్చేటప్పుడు మీ ఫోనులోని పేర్లన్నీ లాక్కుని, వాయిదా తప్పితే మీ బంధువులందరికీ ఫోన్లు చేసి అల్లరి పెట్టినవాళ్లూ వీళ్లలో ఉన్నారు.

ఐ.పి. అంటే ఏమిటి?

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. "నా ఆస్తికన్నా అప్పులు ఎక్కువ, తీర్చలేను" అని కోర్టుకు చెప్పుకోవడం. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 నాటి చట్టం, మిగతా ప్రాంతాలకు 1920 నాటి చట్టం ఉన్నాయి. 2016లో దివాలాకు కొత్త కోడ్ వచ్చిందిగాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే 2019 డిసెంబరు 1 నుంచి అమలుచేశారు. ఇది రాస్తున్ననాటికి మామూలు గృహస్థుకు మన జిల్లాల్లో దిక్కు 1920 నాటి చట్టమే. ఎంత పాతదంటే, పిటిషన్ వేయడానికి కనీసం 500 రూపాయల అప్పు ఉండాలని అందులో ఉంది!

పిటిషన్‌లో అప్పులన్నీ, ఆస్తులన్నీ దాచకుండా రాయాలి. అప్పులవాళ్లకు నోటీసులు వెళతాయి. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటిస్తే, ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్లకు వంతులవారీగా పంచుతారు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాడి పనిముట్లు, పెన్షను వంటివాటి జోలికి రారు. ఆ ప్రకటన వెలువడ్డాక అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడిగా దావాలు వేయడానికి వీల్లేదు. కోర్టు పెట్టిన గడువులోగా విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. అది మంజూరైతే పాత బాకీలు చాలావరకు రద్దవుతాయి.

అయితే ఇది అన్ని జబ్బులకూ మందు కాదు. ఇల్లు తనఖాపెట్టి తెచ్చిన అప్పుకు ఆ ఇంటిమీద హక్కు పోదు. ప్రభుత్వానికి ఉన్న బాకీలు, మోసం చేసి తెచ్చినవి, భార్యాబిడ్డలకు కోర్టు వేసిన మనోవర్తి రద్దుకావు. జామీను సంతకం పెట్టిన స్నేహితుడూ బయటపడడు, మొత్తం వాడి మెడకు చుట్టుకుంటుంది. విముక్తి దొరికేదాకా శాసనసభకుగాని, పార్లమెంటుకుగాని పోటీచేయడానికి వీల్లేదు. తాను దివాలాదారునని చెప్పకుండా యాభై రూపాయలు మించి అప్పు తెచ్చినా నేరమే.

పరువు మాటకు వస్తాను. మన ఊళ్లలో "ఐ.పి. పెట్టాడు" అన్నమాట తిట్టుగా ఎందుకు మారింది? చీటీల డబ్బు వసూలుచేసుకుని, ఆస్తి బావమరిది పేర రాసి, మర్నాడు కోర్టుకెళ్లిన ఘనులవల్ల. వాళ్లను నమ్మి జీవితాంతం కూడబెట్టినది పోగొట్టుకున్న రిటైరైన మాస్టార్లు, పాలమ్ముకునే తల్లులు కూడా నా దగ్గరకు ఇవే గుండెదడలతో, ఇవే నిద్రలేమితో వస్తారు. వాళ్ల కన్నీళ్లకు లెక్క లేదు. అయితే, పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపల అలా ఊరికే రాసిచ్చిన ఆస్తిని రిసీవరు వెనక్కి లాగవచ్చునని ఆ చట్టంలోనే ఉంది.

నిజాయితీగా చితికిపోయినవాడి సంగతి వేరు. ఉద్దేశపూర్వకంగా ఎగవేయనివాణ్ణి, కట్టే స్తోమత లేదన్న ఒక్క కారణంతో సివిలు జైలుకు పంపడం తగదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. డబ్బు బాకీ డిక్రీకోసం స్త్రీని అరెస్టుచేయడం చట్టమే ఒప్పుకోదు. కాబట్టి "రేపు పోలీసులొచ్చి లోపలేస్తారు" అని ఎవరైనా బెదిరిస్తే వెంటనే బెంబేలు పడకండి. చెక్కు చెల్లని కేసు, మోసం కేసు మాత్రం వేరే సంగతి, వాటికి ప్లీడరును అడగాలి.

ఇంట్లో చేయవలసిన పనులు

1. అప్పుల జాబితా భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒకే కాగితంమీద రాయండి. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏం తాకట్టు అన్నది వివరంగా ఉండాలి. భర్త దాచిన అప్పు భార్యకు బయటివాళ్ల నోట తెలియడంకన్నా పెద్ద దెబ్బ లేదు. అంకె ఎంత పెద్దదైనా, కాగితం మీదికి వచ్చిన రోజున నిద్ర కొంచెం నయంగా పడుతుందని చాలామంది నాతో చెప్పారు.

2. బి.పి., షుగరు, మూర్ఛ, గుండెజబ్బు మాత్రలు ఒక్కరోజు కూడా మానవద్దు. డబ్బు లేదని సిగ్గుపడకుండా డాక్టరుతో చెప్పండి. ప్రభుత్వాస్పత్రుల్లో ఈ మాత్రలు ఉచితం. జన ఔషధి దుకాణాల్లో అదే మందు చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. పక్షవాతం వచ్చాక అయ్యే ఖర్చుముందు మాత్ర ఖరీదెంత?

3. పాత అప్పు తీర్చడానికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తేవద్దు. అది దాహానికి ఉప్పునీళ్లు తాగినట్టు.

4. బ్యాంకు అప్పయితే, వాయిదా తప్పకముందే మేనేజరును కలవండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీదారులకు ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఉత్తర్వులిచ్చింది. బూతులు, బెదిరింపులు వస్తే తేదీ, సమయం రాసిపెట్టుకుని పోలీసులకు ఫిర్యాదు చేయండి.

5. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, పేదలకు ఆదాయ పరిమితినిబట్టి ఉచితంగా ప్లీడరును ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరే అప్పులు చాలా ఉంటాయి.

6. భర్త చేసిన అప్పు పత్రంమీద సంతకంగాని, జామీనుగాని పెట్టని భార్య తన సొంత సొమ్ములోంచి ఆ బాకీ తీర్చనక్కరలేదు. మనిషి పోతే, ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే వారసులమీద బాధ్యత. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ఆడవాళ్లు పుస్తెలమ్ముకున్నారో!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట

ఇప్పుడు చెప్పేది దయచేసి రెండుసార్లు చదవండి. 2022లో మన దేశంలో ఆత్మహత్యలు 1,70,924. వాటిలో నూటికి సుమారు నాలుగింటికి కారణం దివాలా లేక అప్పులని, సుమారు పద్ధెనిమిదింటికి కారణం జబ్బులని ప్రభుత్వ నేర రికార్డుల సంస్థ లెక్క. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసి ఉన్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి.

మాటలు తగ్గించి ఒంటరిగా కూర్చోవడం, తిండి సయించకపోవడం, "నేను లేకపోతే మీరైనా సుఖంగా ఉంటారు" అనడం, ఉన్నట్టుండి ఇన్సూరెన్సు కాగితాలు, బాకీ వివరాలు అప్పగించడం ఇవి ప్రమాద సూచనలు. అటువంటి మనిషిని ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఎవరైనా అడిగారన్నదే వాళ్లకు పెద్ద ఊరట. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. రాత్రయినా పగలైనా 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇది మందులతో, మాటలతో తగ్గే జబ్బు. అప్పు తీరకముందే జబ్బు తగ్గవచ్చు. జబ్బు తగ్గిన మనిషికి అప్పు సంగతి ఆలోచించే శక్తి వస్తుంది.

సోదరికి జవాబు

అమ్మా! మీవారి ఇ.సి.జి. బాగుందన్నది మంచి వార్తే. కాని ఆయన ఆరోగ్యంగా ఉన్నారని దానర్థం కాదు. ఈసారి డాక్టరు దగ్గరకు మీరూ వెళ్లండి, సంతకం కింద రాసిన రెండు ముక్కలూ ముందుగా చెప్పండి. అవసరమైతే మానసిక వైద్యుడికి చూపించండి. పిచ్చివాళ్లే అక్కడికి వెళతారనుకోవద్దు.

ఐ.పి. పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పలేను. ఆ కాగితం తీసుకుని ఇద్దరూ ప్లీడరు దగ్గరకు వెళ్లండి. నాకు తెలిసినంతవరకు అది ఆపరేషనులాంటిది. అక్కరలేనివాడికి చేస్తే తప్పు, అవసరమైనవాడికి పరువుకోసం వాయిదావేస్తే ముప్పు. ఆస్తి దాచకుండా, అబద్ధమాడకుండా కోర్టు మెట్లెక్కిన మనిషికి పరువు పోదు. పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు. మనిషిని మాత్రం సంపాదించుకోలేం గదా!

ఆ టిఫిను హోటలాయన బతికాడు. మాట కొంత తిరిగింది. లోక్ అదాలత్‌లో వడ్డీలు తగ్గించి వాయిదాలకు ఒప్పుకున్నారు. అదే బస్టాండు దగ్గర ఆయన భార్య ఇడ్లీ బండి పెట్టుకుంది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో చిల్లర లెక్కపెడుతుంటాడు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నన్ను పలకరిస్తాడు. నేనే కాసేపు తలెత్తి చూడలేను. ఆనాటి నుంచి బి.పి. తగ్గని ప్రతి రోగినీ, వెనక ఎంతమంది నిలబడి ఉన్నా, ఒక ప్రశ్న అడుగుతున్నాను: "మందులు కొనడానికి డబ్బులున్నాయా?"

మీ ఇంట్లోనూ ఎవరికో ఒకరికి ఈ ప్రశ్న అవసరం ఉండవచ్చు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఒకసారి అడిగి చూడండి.